కాంగ్ ఊళ్లో ఆష్‌ఫర్డ్ కాజిల్ కాకుండా చూడాల్సినవి ఏంటి?

గాల్వే_గోదారి:
అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకి పాత కట్టడాలంటే పిచ్చి, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో కాంగ్ తీసుకెళ్దామనుకుంటున్నా. ఎవర్ని అడిగినా కాజిల్ ముందు ఫోటోలు దిగి వచ్చేశాం అంటున్నారు, ఊళ్లో ఇంకేం లేదా?

కృష్ణాతీరం:
కాజిల్‌ని చివర్లో పెట్టుకోండి. 1228 నాటి కోటే, కాదనను, కానీ 1852లో గిన్నిస్ బీరు కుటుంబం కొని పెంచింది, 1939 నుంచి హోటలు, బిల్లు చూస్తే కాఫీ కూడా దిగదు. ముందు అబ్బేకి, అంటే పాత క్రైస్తవ మఠానికి వెళ్లండి. ఐర్లండ్ చివరి మహారాజు రోరీ ఓ కానర్, ఒకపక్క నార్మన్లు, ఇంకోపక్క సొంత కొడుకుతోనే గొడవ, రాజ్యం పోయాక ఇక్కడే సన్యాసుల దగ్గర తలదాచుకుని 1198లో చనిపోయాడు. అక్కణ్నుంచి నది దాకా నడిస్తే సన్యాసులు చేపలు పట్టుకున్న గది వస్తుంది, నాకైతే ఊరు మొత్తంలో అదే ఇష్టం. నీళ్ల మీదకి కట్టిన చిన్న రాతిగది, ఇప్పుడు పైకప్పు లేదు. నేలలో ఒక కన్నం, తొంగి చూస్తే కింద నది పరిగెడుతూ ఉంటుంది. అందులోంచి వల వదిలేసి, చలి కాచుకోడానికి గదిలోనే పొయ్యి పెట్టుకుని కూర్చునేవాళ్లు. చేప పడగానే వంటింట్లో గంట మోగేలా తాడు కట్టారని కూడా చెప్తారు!

లిమరిక్_శీను:
ఎండు కాలువ మర్చిపోయారు బ్రో. కరువు రోజుల్లో, 1848లో, కూలీలకి పని చూపించాలని మాస్క్, కోరిబ్ సరస్సుల మధ్య పడవల కాలువ తవ్వడం మొదలుపెట్టారు. కింద అంతా సున్నపురాయి, మన బొర్రా గుహల్లాంటి నేల, నీళ్లు నిలవవు. ఆ మాత్రం చూసుకోని ఇంజనీర్లు ఏం ఇంజనీర్లో.

కృష్ణాతీరం:
అందరూ ఇంజనీర్లనే తిడతారు శీను. 1854లో పని ఆపేసినప్పటికి డబ్బు కటకట, పైగా రైళ్లు వచ్చేస్తున్నాయి, ఇక పడవల మీద సరుకు ఎవరు పంపుతారు? అడుగున బంకమట్టి దట్టించి ఉంటే నీళ్లు ఆగేవి, ఆ ఖర్చు పెట్టేవాళ్లే లేకపోయారు. ఏదేమైనా చెక్కిన రాళ్లతో కట్టిన లాకుల్ని మాత్రం దగ్గరికెళ్లి చూడండి, పని ఎంత నీటుగా చేశారో. ఆకలితో ఉన్న మనుషులు కట్టారంటే బాధేస్తుంది.

డబ్లిన్_నెల్లూరు:
ఒకప్పుడు ఆ అబ్బేలో ఉండే కాంగ్ శిలువ కోసం అక్కడ వెతక్కండి, అది డబ్లిన్‌లో కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో ఉంది, టికెట్ లేదు. రోరీ తండ్రి టర్లో 1123లో చేయించాడు. మధ్యలో స్ఫటికం, చుట్టూ అల్లికలా బంగారు పని. నాన్నగారిని ఇక్కడికే ముందు తీసుకురండి, తర్వాత అబ్బే చూస్తే కథ కలుస్తుంది.

ఇంకోటి, 'బాయ్‌కాట్' అన్న మాట ఎవరి పేరు మీద పుట్టిందో ఆ కెప్టెన్ బాయ్‌కాట్, ఓ జమీందారు ఏజెంటు, ఉన్నది కూడా ఆ చుట్టుపక్కలే, మాస్క్ సరస్సు ఒడ్డున. కౌలు తగ్గించనందుకు 1880లో రైతులు, పనివాళ్లు, కొట్టువాళ్లు అందరూ అతన్ని వెలేశారు. ఓ యాభై మంది బయటివాళ్లని తెచ్చి, సైన్యం కాపలాతో పంట తీయించారు. ఖర్చు పదివేల పౌండ్లు, పంట విలువ ఐదొందలు.

గాల్వే_గోదారి:
ఇది వింటే నాన్న రెండ్రోజులు అదే మాట్లాడతారు. పిజన్ హోల్ అనే గుహ అమ్మకి కుదురుతుందా?

లిమరిక్_శీను:
వద్దు. భూమి కింద పారే నది దాకా రాతిమెట్లు దిగాలి, నిటారుగా ఉంటాయి, తడిగా, జారుడు. అబ్బే, చేపల గది అయితే మెల్లగా నడిచినా చాలు. ఊళ్లో 'ది క్వైట్ మ్యాన్' సినిమా జంట విగ్రహం ఉంటుంది, 1951లో అక్కడే షూటింగ్ చేశారు. అమ్మగారిని ఆ పక్కన టీ తాగుతూ కూర్చోమనండి, నాన్నగారూ మీరూ గుహకి వెళ్లి రండి. బస్సులు మాత్రం నమ్ముకోవద్దు, కారు ఉంటేనే బయల్దేరండి.