అప్‌డేట్: సొసైటీ నోటీసులు పంపేశాం

2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు కదా, మా నల్గొండ సొసైటీ సభ్యులకు నోటీసులు ఇక ఎలా పంపాలని పోయినసారి అడిగాను. పోస్టాఫీసుకు వెళ్లి కనుక్కున్నాను. స్పీడ్ పోస్ట్‌కే రిజిస్ట్రేషన్ జోడించుకోవచ్చు. అప్పుడు కవరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు, లేదా వాళ్లు రాసిచ్చిన మనిషికే ఇస్తారు. నా టెన్షనంతా దీని గురించే. 2025 అక్టోబర్ 1 నుంచి ఈ రిజిస్ట్రేషన్‌కు 5 రూపాయలు అదనం. ఇక స్పీడ్ పోస్ట్ చార్జీ 50 గ్రాముల లోపు కవరుకు లోకల్ అయితే 19, బయటికి 47 రూపాయలు. జీఎస్టీ వేరు. మాకు దేవరకొండ, మిర్యాలగూడ వైపు, అంటే బయటి సభ్యులే ఎక్కువ, అందుకే ఖర్చు బాగా పెరిగింది. కొత్త బల్క్ కస్టమర్లకు, అంటే పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు, 5 శాతం తగ్గింపు ఉంది, తప్పక అడగండి. పిన్‌కోడ్‌లు సరిచూసుకోవడానికే మాకు రెండు రోజులు పట్టింది.