లిస్టు మొత్తానికీ ‘నన్ను తీసేయండి’ మెయిళ్లు, ఆపేదెలా?

లిస్టు_కాపరి:
మా మెయిలింగ్ లిస్టు (ఒక అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ వెళ్లేది) మెయిల్‌మ్యాన్ అనే లిస్టు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఎవరో ఒకరు ‘నన్ను తీసేయండి’ అని లిస్టుకే రాస్తారు. వెంటనే ‘నన్ను కూడా’ అని ఇంకొకరు, ‘అందరికీ పంపకండయ్యా’ అని మరొకరు, అదీ అందరికే! మంచి చర్చ చేసేవాళ్లు విసుగెత్తి వెళ్లిపోతున్నారు. నాకు చాలా బాధగా ఉంది. మీరేం చేస్తున్నారో చెప్పండి.

వేకువ:
ముందు ఆ గొలుసు తెంచండి. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ మోడరేషన్ ఉంటుంది. అది పెడితే మీరు చూసి వదిలేదాకా ఏ మెయిలూ బయటికి పోదు. 1997లో మైక్రోసాఫ్ట్ లోపల ‘బెడ్‌లామ్ డీఎల్3’ అనే లిస్టులో సరిగ్గా ఇలాగే మొదలై మెయిల్ సర్వర్లే కూలబడ్డాయి.

పాతమెయిలు:
లిస్టుకి పొరపాటున వచ్చే ఆదేశాల మెయిళ్లను ఆపే అడ్మినిస్ట్రివియా ఫిల్టర్ ఉందిగా?

వేకువ:
ఉంది కానీ, అది పట్టుకునేది ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లాంటి ఆదేశం ఒక్కటే విడిగా వరుసలో ఉన్నప్పుడు. మర్యాదగా పూర్తి వాక్యం రాస్తే దాటిపోతుంది. తెలుగులో రాస్తే ఇక చెప్పేదేముంది!

సర్వర్_సుబ్బులు:
లిస్టుకే రాసేవాళ్లను తిట్టకండి దయచేసి. చాలామంది ముందే ప్రయత్నించి, కుదరక రాస్తారు. ఎక్కువగా కనిపించే కారణం: చేరింది పాత అడ్రసుతో, ఇప్పుడు ఆ మెయిల్ కొత్త అడ్రసుకి ఫార్వర్డ్ అవుతోంది. కొత్త అడ్రసు ఇస్తే ‘మీరు సభ్యులు కారు’ అంటుంది. వాళ్లను లిస్టు నుంచి వచ్చిన ఒక మెయిల్ పూర్తి హెడర్లు (మెయిల్ ఎటు నుంచి ఎటు వచ్చిందో చెప్పే, మామూలుగా కనిపించని వరుసలు) పంపమనండి. వీఈఆర్‌పీ (ప్రతి సభ్యుడికీ వేరే రిటర్న్ అడ్రసుతో మెయిల్ పంపే పద్ధతి) పెట్టి ఉంటే రిటర్న్-పాత్ వరుసలో ‘బౌన్సెస్’ తర్వాత ప్లస్ గుర్తు, దాని పక్కనే చేరినప్పటి అడ్రసు ‘@’ బదులు ‘=’తో కనిపిస్తుంది. అది చూసి మీరే తీసేయొచ్చు.

పాతమెయిలు:
నిజమండీ. దారి దొరకని మనిషి చివరికి స్పామ్ బటన్ నొక్కుతాడు. దెబ్బ లిస్టు మొత్తానికి తగులుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు జీమెయిల్ కఠినమైన నియమాలు పెట్టింది, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది. చిన్న లిస్టుకైనా ఫిర్యాదులు పెరిగితే మంచి మెయిళ్లు కూడా స్పామ్‌లోకే పోతాయి. మెయిల్ పైన కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ వల్ల వస్తుంది, 1998 నాటి ప్రమాణం అది. మీ సర్వర్ దాన్ని తీసేయడం లేదు కదా, ఒకసారి చూసుకోండి.

కొత్తసభ్యురాలు:
నా పేరు ఎక్కడా ఇవ్వకపోయినా వచ్చే చెత్త మెయిళ్లలో కూడా ఆ అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కొచ్చా అండీ?

సర్వర్_సుబ్బులు:
వద్దమ్మా. మీరు చేరిన లిస్టయితే నొక్కండి. ఎవరో తెలియనివాళ్లదైతే ఆ అడ్రసు వాడుకలో ఉందని మీరే చెప్పినట్టవుతుంది. అక్కడ స్పామ్ బటనే సరైనది.

లిస్టు_కాపరి:
ఎమర్జెన్సీ మోడరేషన్ పెట్టాను, గోల ఆగింది. సభ్యులు కానివాళ్ల మెయిళ్లను రిజెక్ట్‌లో (తిరస్కరించామని పంపినవారికి మెయిల్ వెళ్లేలా) పెట్టనా?

వేకువ:
వద్దు. స్పామ్‌లో పంపినవారి అడ్రసు చాలాసార్లు దొంగది. మీ తిరస్కారం సంబంధం లేని అమాయకుడి ఇన్‌బాక్సులో పడుతుంది. హోల్డ్‌లో (మీరు చూసేదాకా ఆగేలా) పెట్టి రోజూ చూడండి. కొత్త సభ్యుల మొదటి మెయిల్ కూడా ఆపి, బాగుంటే ఆ సభ్యుడి మోడరేషన్ గుర్తు తీసేయండి.

లిస్టు_కాపరి:
సరేనండీ, ఈ రాత్రికే మారుస్తాను. హెడర్లు ఎలా తీయాలో సభ్యులకు చెప్పే నోట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.