ఐదింటికి లేపి పరుగుకి తీసుకెళ్తే మంచిదేనా?

బాబు వాళ్లమ్మ:
మా వాడికి 11 ఏళ్లు. మొన్న స్కూల్లో గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టేసరికి ఆయాసంతో కూలబడిపోయాడట. ఇంటికొచ్చి షూ లేసు విప్పుతూ, తలెత్తకుండా "అందరికంటే వెనక నేనేనమ్మా" అన్నాడు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. రాత్రి పడుకునేసరికి పదకొండవుతుంది, లేచేది ఆరున్నరకి. రేపట్నుంచి ఐదింటికే లేపి పరిగెత్తిద్దామనుకుంటున్నాను. చెప్పండి.

ఆటల మాస్టారు:
అమ్మా, 14 ఏళ్లుగా పిల్లల్ని ఆడిస్తున్నాను. దయచేసి ఐదింటికి మాత్రం లేపకండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మీ వాడికి దక్కేదే ఏడున్నర. అందులోనూ గంటన్నర కోసేస్తే పరిగెత్తే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. నిద్ర చాలని పిల్లాడు నా కంటికి ఇట్టే తెలిసిపోతాడు. బంతి చేతుల్లోంచి జారిపోయాక వేళ్లు ముడుస్తాడు.

పరుగు సాయంత్రానికి పెట్టండి. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరేడుసార్లు. పరిగెడుతూ మీతో మాట్లాడగలగాలి, అదే కొలత. ఈ వయసుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట. ఒక్క బిగిన అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. వారంలో 3 రోజులు తాడాట, గెంతులు ఉంటే ఎముకలు గట్టిపడతాయి.

ఇద్దరు పిల్లల తల్లి:
ఒక్క మాట. మా పాప పది గంటలు పడుకున్నా పొద్దున తూలేది. నోరు తెరుచుకుని గురక పెట్టేది. డాక్టరుకి చూపిస్తే ముక్కు వెనక ఎడినాయిడ్లు వాచి గాలి సరిగా ఆడట్లేదన్నారు. మీ వాడికి గురకున్నా, పరుగు ఆపాక దగ్గొస్తున్నా, పిల్లికూతలున్నా ముందు చూపించండి. వాణ్ణి బద్ధకస్తుడని మాత్రం అనకండి.

బాబు వాళ్లమ్మ:
గురక లేదండీ, దగ్గూ లేదు. కానీ పది దాకా ఫోన్ చూస్తాడు. తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర పట్టదంటాడు.

ఆటల మాస్టారు:
ఒక్కసారే తొమ్మిదంటే పట్టదమ్మా. మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. పడుకునే ముందు గంటసేపు ఫోన్ వద్దు, ఆ వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని తగ్గించేస్తుంది. ఆదివారం కూడా లేచే వేళ మరీ మారనివ్వకండి.

బాబు వాళ్లమ్మ:
ఇవాళ పదీ నలభై అయిదుకి లైటు తీసేశాను. ఫోన్ నా గదిలోనే ఉంది. "రేపు సాయంత్రం నువ్వూ పరిగెడతావా?" అని అడిగాడు. సరేనన్నాను.