గుమ్మడికాయల దొంగ తడుముకున్నాడా, దులుపుకున్నాడా?

లంక గాలి (రావులపాలెం):
అగాథా క్రిస్టీ రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య నవల మళ్ళీ చదువుతున్నానండీ. హంతకుడెవరో తెలిసి చదువుతుంటే మొదటిసారి కంటే ఎక్కువ టెన్షన్‌గా ఉంది, ఈసారి ప్రతి మాట మీదా అనుమానమే. పన్నెండో అధ్యాయంలో డిటెక్టివ్ పోయిరో అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మీలో ప్రతి ఒక్కరూ నా దగ్గర ఏదో ఒకటి దాస్తున్నారు అంటాడు కదా, అందరి కళ్ళూ కిందికి దిగిపోతాయి. అక్కడికి రాగానే గుమ్మడికాయల దొంగ సామెత నోటిదాకా వచ్చి ఆగింది. భుజాలు 'తడుముకున్నాడు' అనా, 'దులుపుకున్నాడు' అనా? అమ్మమ్మ రెండోదే అనేదని గుర్తు. ఇంట్లో మిగతావాళ్ళంతా మొదటిదే అంటున్నారు.

పెరటి పాదు (అంబాజీపేట):
దులుపుకోవడమే. బూడిద గుమ్మడి కాయించినవాళ్ళకి ఇందులో సందేహం రాదు. లేత కాయకి నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటుంది. ముదిరేకొద్దీ నూగు పోయి తెల్లటి పొడి పట్టేస్తుంది. వడియాలకని ఒక కాయ కోసి చంకన పెట్టుకుని వంటింట్లోకి తెచ్చేసరికి జాకెట్టు చెయ్యి తెల్లబడిపోతుంది. చెమట పట్టిన భుజం మీద మోసుకెళ్ళినవాడికి అంటకుండా ఉంటుందా? బూడిద ఉంది, దులుపుకున్నాడు, దొరికిపోయాడు.

గట్టు మాస్టారు (రాజమండ్రి):
అమ్మా, అలా చెబితే సామెతలో పస పోయింది. దులుపుకునేవాడికి బూడిద ఉందని తెలుసు. తడుముకునేవాడికి తెలియదు, ఉందేమోనని భయం. ఆ 'ఏమో' దగ్గరే దొంగ దొరికాడు. అసలు సామెతలో బూడిద అన్న మాట ఎక్కడుంది? మనం పైనుంచి చల్లుతున్నాం.

కాలవ ఒడ్డు (పాలకొల్లు):
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. ఉత్త గుమ్మడికాయ అంటే మా వైపు తీపి గుమ్మడే, దప్పళంలో వేసేది. దానికి పొడి ఉండదు, బరువు ఉంటుంది. రాత్రంతా మోసినవాడి భుజం తెల్లారాక సలుపుతుంది, చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది. అది తడుముకోవడం కాదు, నొక్కుకోవడం అన్నమాట. ఈ కోణం ఎవరూ రాయగా నేను చూడలేదు.

పెరటి పాదు:
నొక్కుకోవడం అని ఏ ముసలమ్మ నోటా వినలేదండీ.

క్లూ దొరికింది (భీమవరం):
అందరూ భుజం దగ్గరే ఆగిపోయారు. ఆ నవల్లో పోయిరో రిటైరై పల్లెటూళ్ళో పెంచుతున్నది ఏ పాదులనుకున్నారు? మూడో అధ్యాయం పేరే చూడండి, మన గుమ్మడి జాతి కాయలే. విసుగెత్తి ఒక కాయని గోడ మీంచి విసిరితే పక్కింటి డాక్టరు కాళ్ళ దగ్గర పడుతుంది. సామెత అక్కడే నోటికి రావాలి, పన్నెండో అధ్యాయం దాకా ఆగక్కర్లేదు.

ఇక అసలు సంగతి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల కథలు అద్దెకి తెచ్చుకుని చదివిన రోజుల్నుంచీ నాకు తోచింది ఇది: భుజం తడుముకునేవాడు ఎప్పుడూ గుమ్మడికాయల దొంగే, హంతకుడు కాడు. ఆక్రాయిడ్ ఇంట్లో నలభై పౌన్లు పోయిన సంగతి గుర్తుందా? తీసిన మనిషి మెట్ల దగ్గర దొరికిపోతానేమోనన్న భయంతో, అప్పుడే పెద్దాయన గదిలోంచి వస్తున్నట్టు తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడుతుంది. దాంతో పావుతక్కువ పదింటికి ఆయన బతికే ఉన్నాడని ఊరంతా నమ్మేసింది. చిన్న దొంగతనం దాచుకోబోయి హత్య జరిగిన వేళనే తారుమారు చేసేసింది. అసలు చంపిన మనిషో? అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతాడు. ఆ మాట కూడా చూడండి, తడుముకోకుండా.

లంక గాలి:
చదవనివాళ్ళు ఉన్నారు, పేరు మాత్రం చెప్పకండి, ప్లీజ్.
కానీ హంతకుడు తడుముకోడు అంటే ఒప్పుకోను. తొమ్మిదికి పది నిమిషాలప్పుడు, ఉత్తరం ఇంకా చదవకుండానే ఉంది, అదే తలుపు పిడి మీద ఇంకో చెయ్యి ఉంది. ఏమైనా చెయ్యకుండా వదిలేశానా అని ఒక్కసారి వెనక్కి చూడటం ఉంది. అంతకంటే తడుముకోవడం ఏముంటుంది? మొదటిసారి చదివినప్పుడు మర్యాదస్తుడి జాగ్రత్త అనుకుని దాటేశాను. ఈసారి అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఒక్క అబద్ధం ఆడకుండా అంత దాచడం ఎలా సాధ్యమైందో!

గట్టు మాస్టారు:
ఇప్పుడు దారిలో పడ్డారు. ఒక్క అబద్ధం ఆడకుండా లోపల అర్థం నిలపడం మన ఊళ్ళో వెయ్యేళ్ళ కిందటే చెప్పిపెట్టిన సంగతి. రాజరాజు కొలువులో నన్నయగారు తన కవిత్వం గురించి అన్న పద్యం: 'సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లోనారసి మేలునా, నితరు లక్షరరమ్యత నాదరింప'. కథ పైకి తేటగా పోతుంది, అర్థం లోపల పొందికగా ఉంటుంది, లోన ఆరసినవాడికి దొరుకుతుంది. మిగతావాళ్ళు అక్షరాల అందం చూసి సంతోషిస్తారు. మొదటిసారి ఆక్రాయిడ్ చదివినప్పుడు మనమంతా 'ఇతరులం', రెండోసారి 'కవీంద్రులం'.

కాలవ ఒడ్డు:
మాస్టారూ, 'కవితార్థయుక్తి' కదా? నేను చదువుకున్న పాఠం అదే.

గట్టు మాస్టారు:
'కలిత'. కథలో కలిసి ఉన్న అర్థం. 'కవిత' అని పెడితే కథా కవితా అర్థమూ అంటూ మూడు మాటలు వరసగా నిలబడతాయి గానీ ఒకదానితో ఒకటి అతుక్కోవు.

కాలవ ఒడ్డు:
అతుక్కోకేం? ప్రసన్నమైన కథ, ప్రసన్నమైన కవిత, వాటి అర్థయుక్తి. పైన 'కవీంద్రులు' అన్నాక కింద 'కవిత' రావడం ఎంత సహజం!

క్లూ దొరికింది:
ఆ సహజం దగ్గరే నాకు అనుమానం. ఛందస్సుని సాక్షిగా పిలిచి లాభం లేదు, ఉత్పలమాలలో అక్కడ 'లి' అయినా 'వి' అయినా లఘువే, గణం చెడదు. మరి మార్చింది ఎవరు? తాటాకు మీద 'గవీంద్రులు' అని ఇప్పుడే గీసిన చెయ్యి, నాలుగు అడుగులు వెయ్యగానే 'క' కనిపిస్తే అలవాటుగా 'కవి' అనేస్తుంది. లేఖకుడి చెయ్యి 'లి'ని 'వి' చేస్తుంది గానీ, తేలిగ్గా ఉన్న 'వి'ని 'లి' చెయ్యడానికి దానికి కారణం లేదు. నా ఓటు మాస్టారికే.

పెరటి పాదు:
మరి లేఖకుడు పండితుడై ఉంటే? ఒకే పాదంలో కవి రెండుసార్లు వచ్చిందేమిటని తానే దిద్ది 'కలిత' అని పెట్టి ఉండొచ్చుగా.

కాలవ ఒడ్డు:
అదీ మాట! మా ఓటు అమ్మగారికి.

గట్టు మాస్టారు:
దిద్దేటంత పండితుడు తిక్కన భాగం పట్టుకుంటాడు గానీ నన్నయగారి అవతారిక మీద చెయ్యి వెయ్యడు. కీచకుడి శవం దగ్గర దివిటీలు పట్టుకుని జనం తల ఏది, చేతులేవి అని వెతికే ఘట్టం మీ డిటెక్టివ్ నవలల దేనికీ తీసిపోదు, దాని గురించి విడిగా రాస్తాను. 'కలిత' మాత్రం నేను వదలను.

క్లూ దొరికింది:
విరాటపర్వం రాసేటప్పుడు దుర్యోధనుడి ఊహ కూడా కలపండి మాస్టారూ. శవాన్ని చూడకుండా, చంపిన తీరు విని భీముడి పని అని తేల్చినవాడు అతనొక్కడే.