క్రోమోజోమ్‌కి తెలుగు మాట: వర్ణతంతువా, గుణసూత్రమా, కండెనా?

నిన్న మన గ్రూపులో ఒక చెల్లెలు ఇలా అడిగింది: "మా పాప తొమ్మిదో తరగతి. క్రోమోజోమ్‌ని తెలుగులో ఏమంటారంటే వర్ణతంతువు అని చెప్పాను. అయితే అది ఏ రంగులో ఉంటుందమ్మా, నా చర్మం రంగు దానివల్లేనా అని అడిగింది. ఏం చెప్పను?"

అమ్మా, మీ పాప సరైన చోటే పట్టుకుంది. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ మాట దగ్గర తడబడని బ్యాచ్ నాకు తగల్లేదు.

క్రోమోజోమ్ అంటే కణం లోపలి కేంద్రకంలో ఉండి, తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు మోసుకొచ్చే దారంలాంటి వస్తువు. దానికి తనదంటూ ఏ రంగూ లేదు. గ్రీకులో 'క్రోమా' అంటే రంగు, 'సోమా' అంటే శరీరం. 1888లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ ఈ పేరు పెట్టాడు. అంతకు కొన్నేళ్ల ముందే వాల్తర్ ఫ్లెమింగ్ అనే ఇంకో శాస్త్రవేత్త సాలమాండర్ (బల్లిలా కనబడే ఉభయచరం) పిల్లల కణాలకు అద్దకపు రంగులు పట్టించి, కేంద్రకంలో రంగును బాగా పీల్చుకునే పదార్థం ఉందని చూశాడు. కణం విడిపోయేటప్పుడు అదే దారాల్లా కనబడుతుందని 1882లో పుస్తకం రాశాడు. కాబట్టి పేరులోని రంగు మనం పూసిన రంగు. వర్ణతంతువు అనగానే పిల్లలు రంగురంగుల దారాలు ఊహించుకుంటున్నారంటే తప్పు వాళ్లది కాదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. తెలుగులో వర్ణం అంటే రంగు ఒక్కటే కాదు. వర్ణమాలలో అక్షరం, వర్ణవ్యవస్థలో కులం. వంశపారంపర్యం గురించి చెప్పే పాఠంలో, పుట్టుకతో వచ్చే గుణాల పక్కన, ఆ మాట పెడితే పిల్లల మనసు ఎటు పోతుందో ఆలోచించండి. కన్నడలో వర్ణతంతు అనే మాట స్థిరపడింది, వాళ్లకు ఇబ్బంది లేకపోవచ్చు. నేను మాత్రం క్లాసులో ఆ మాట వాడను.

హిందీలో గుణసూత్ర్ అంటారు. సూత్రం అంటే దారం అనే అర్థంలో అది అందమైన మాటే, మంగళసూత్రంలో ఉన్నదీ అదే. కానీ మన పిల్లలకు సూత్రం అంటే లెక్కల ఫార్ములా, గుణం అనగానే గుణకారం. ఒకసారి బోర్డు మీద గుణసూత్రం అని రాస్తే వెనక బెంచీ పిల్ల "ఎక్కాలకా సార్?" అని అడిగింది. నవ్వలేదు, నిజంగానే అడిగింది.

మాట సంగతి పక్కన పెట్టి వస్తువును చూద్దాం. ఉల్లిగడ్డను గ్లాసు మీద, అడుగు నీళ్లకు తగిలేలా పెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు కొసను కోసి ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచుతాం. తర్వాత గాజు పలక మీద పెట్టి ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు చుక్క వేస్తాం. ఆ ఎరుపును ముళ్లజెముడు లాంటి మొక్కల మీద బతికే కొచినీల్ పురుగుల నుంచి తీస్తారు. పలకను కొద్దిగా వెచ్చబెట్టి, కవర్ స్లిప్ (పల్చటి గాజు ముక్క) వేసి, పైన బ్లాటింగ్ పేపరు పెట్టి బొటనవేలితో అదుముతాం. కవర్ స్లిప్ పక్కకు జరిగిందా, మళ్లీ మొదటి నుంచీ చేసుకోవాల్సిందే.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఇటుకలు పేర్చినట్టు కణాలు. చాలా కణాల్లో ఎర్రటి గుండ్రటి మచ్చ తప్ప ఏమీ ఉండదు. అక్కడక్కడ ఒక కణంలో మాత్రం పొట్టి పొట్టి ఎర్ర దారాలు తేటగా కనిపిస్తాయి. ఇంకో కణంలో అవి రెండు జట్లుగా విడిపోయి రెండు కొసలకు లాగబడుతూ ఉంటాయి. మొదటిసారి చూసిన పిల్లలు కాసేపు కళ్లు తియ్యరు. ఉల్లిలో అవి కణానికి 16. ఓపిగ్గా లెక్కపెడితే తేలుతుంది.

మచ్చగా ఉన్న కణంలో క్రోమోజోములు లేవా? ఉన్నాయి, విప్పుకుని ఉన్నాయి. అసలు సంగతి ఇక్కడే ఉంది. మన ఒక్కో కణంలోని 46 క్రోమోజోముల్లో ఉన్న డీఎన్ఏ అనే దారాన్ని విప్పి వరసగా పెడితే సుమారు 2 మీటర్లు. అది ఉండాల్సిన కేంద్రకం అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఆరేడు రెట్లు, అంతే. మామూలప్పుడు ఆ దారం వదులుగా ఉంటుంది, కణం తనకు కావలసిన జన్యువు (ప్రోటీను తయారీ వివరం ఉన్న దారం ముక్క) దగ్గర చదువుకుని ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. విభజన ముందు మొత్తం దారానికి నకలు తీసి, గట్టిగా చుట్టేసి, రెండు పిల్ల కణాలకూ సమానంగా పంచుతుంది. వదులు దారాన్ని పంచబోతే చిక్కు పడుతుంది, తెగుతుంది.

అందుకే నేను క్లాసులో కండె అని చెబుతాను. నేతగాళ్ల ఇంట్లో నూలును రాట్నం మీద కండెలకు చుడతారు కదా. చుట్టి ఉన్నప్పుడు ఇటూ అటూ మోసుకుపోవచ్చు, నేసేటప్పుడు విప్పుకుంటుంది. పరీక్షలో మాత్రం క్రోమోజోమ్ అనే రాయమంటాను. క్రోమోసోమ్ అన్న రూపం కూడా వాడుకలో ఉంది, రెండూ ఫరవాలేదు. పేరును గ్రీకులోనే ఉండనిచ్చి, వివరం తెలుగులో చెప్పడమే మేలని నా అభిప్రాయం.

ఒక వ్యాఖ్య: మాస్టారూ, మాది మగ్గాల ఇల్లు. కండె మాట బాగుంది కానీ ఒక తేడా. కండెకు ఒకటే గొట్టం. డీఎన్ఏ కూడా ఒకే గొట్టానికి చుట్టుకుంటుందా?

నా జవాబు: మంచి ప్రశ్న అన్నయ్యా, నా పోలిక అక్కడే లోపిస్తుంది. హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిదేసి కలిసి ఒక పూసలా అవుతాయి. దారం ఒక్కో పూస చుట్టూ రెండు చుట్లకు కొంచెం తక్కువగా తిరిగి, తర్వాతి పూసకు పోతుంది. అలాంటి పూసలు ఒక్కో క్రోమోజోములో లక్షల్లో ఉంటాయి. పూసల వరస మళ్లీ మడతలు పడుతుంది. కండె కంటే పూసలపేరు దగ్గరి పోలిక. ఇకనుంచి రెండూ కలిపి చెబుతాను.

ఇంకో వ్యాఖ్య: కుక్కకు 78 అని చదివాను. మనకు 46 ఏ. ఎక్కువ ఉంటే గొప్పా?

నా జవాబు: కాదమ్మా. ఒకే బట్టను ఎన్ని ముక్కలుగా కత్తిరించారన్నట్టు, అంతే. వరికి 24, చింపాంజీకి 48. మనకూ 48 అనే 1923 నుంచి మూడు దశాబ్దాలకు పైగా పుస్తకాల్లో రాశారు. 1956లో చియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు స్వీడన్‌లో తేటగా లెక్కపెట్టి 46 అని తేల్చారు.

చివరగా ఆ చెల్లెలికి. పాపకు చర్మం రంగు గురించి కూడా చెప్పండి. దానికి ఒక క్రోమోజోమ్ అంటూ లేదు, వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్న చాలా జన్యువులు కలిసి ఇస్తాయి. సగం మీ నుంచి, సగం వాళ్ల నాన్న నుంచి వచ్చినవి. ఉల్లిగడ్డ గ్లాసు మీద పెట్టి ఉంచండి. వేళ్లు దిగాక బడిలో సైన్సు టీచరును అడిగితే స్లైడ్ చేసి చూపిస్తారు.