బాగు చేయించిన పాత ఇల్లు అమ్ముడవడం లేదు, ధర తగ్గించాలా?

నమస్కారం. లాభానికి అమ్ముదామని ఒక పాత ఇల్లు కొని వైరింగ్, నీళ్ల పైపులు, వంటగది అన్నీ కొత్తగా చేయించాను. అమ్మకానికి పెట్టి 4 నెలలైంది. వచ్చినవాళ్లు బాగుందంటున్నారు, ధర దగ్గర ఆగిపోతున్నారు. కొన్న ధరకి ఖర్చంతా కలిపి, పైన లాభం వేసుకుని రేటు చెప్పాను. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఎంతకి పోయాయో ముందు చూసుకోలేదు, అక్కడే తప్పు చేశానేమో. లోన్ వడ్డీ నెలనెలా కట్టాల్సిందే, చాలా టెన్షన్‌గా ఉంది.

ఒకేసారి బాగా తగ్గించడం మంచిదా, కొంచెం కొంచెంగానా? మెల్లగా దించితే ఇంకా దిగుతుందని ఆగుతారని నా భయం. గోడల లోపల చేయించిన పని కంటికి కనపడదు కదా, పని జరిగేటప్పటి ఫోటోలు, బిల్లులు చూపిస్తే కొనేవాళ్లకి నమ్మకం కుదురుతుందా? ఇలా అమ్మినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.