ఇరవై రెండు రాత్రులుగా ఆయన ఊపిరి లెక్కపెడుతున్నాను

గూడెం టిఫిన్లు:

మాది తాడేపల్లిగూడెం. స్టేషను వైపు వెళ్ళే రోడ్డులో చిన్న టిఫిన్ కొట్టు, పందొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాం. మా ఆయనకు 53 ఏళ్ళు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి పొయ్యి వెలిగించే మనిషి. ఇరవై రెండు రోజుల క్రితం ఆదివారం, పెసరట్ల కోసం జనం మూగి ఉన్న వేళ, అట్లకాడ నా చేతికిచ్చి "గ్యాసు పట్టినట్టుంది, కాసేపు నువ్వు చూడు" అని వెనక్కి వెళ్ళి పిండి డబ్బా మీద కూర్చున్నారు. నేను సోడా తెప్పించి, నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి ఇచ్చాను. ఆ సోడా గ్లాసు ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నలభై నిమిషాలు అలా గడిచిపోయాయి. చొక్కా మొత్తం తడిసి, దవడ లాగుతోందని అన్నాక, పాలు తెచ్చే అబ్బాయి చూసి 108కి ఫోను చేశాడు. నాకు తోచలేదు. నేను అట్లు తిప్పుతున్నాను.

ఊళ్ళో ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండెపోటని చెప్పి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చారు. మర్నాడు రాజమండ్రిలో మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి, మూసుకున్న రక్తనాళం తెరిచి ఉంచే ఒక స్టెంటు వేశారు. కార్డు మీదే అయింది కాబట్టి చేతి నుంచి పోయింది దారి ఖర్చులే. ఐదో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు గారు "గుండె పంపింగు నలభై ఉంది, మందులు మానకండి, నెలకు రండి" అన్నారు. నలభై అంటే ఏమిటని నోరు తెరిచేలోపు తర్వాతి పేరు పిలిచారు. ఆయనను తప్పుపట్టను, బయట వరండా అంతా జనమే. కానీ ఇంటికొచ్చి నేను వేసుకున్న లెక్క ఇది: నూటికి నలభై పనిచేస్తోందంటే, మిగిలిన అరవై చచ్చిపోయిందనేనా?

చూడటానికి వచ్చేవాళ్ళ సంగతి చెప్పాలి. బత్తాయిలు తెస్తారు, ఎవరికో రెండోసారి వచ్చి పోయిన కథ ఆయన ముందే చెబుతారు, కాఫీ తాగి వెళ్తారు. బత్తాయిలు ఎక్కువై వీధిలో పంచుతున్నాను. మా అత్తగారు ఆకుకూర పొయ్యి మీదికి ఎక్కనివ్వడం లేదు, రక్తం పలచబడే మందుకు పడదని ఎవరో చెప్పారట. భీమవరంలో చదువుతున్న మా అమ్మాయి శనివారం వచ్చి ఫోనులో చూసి నూనె సీసా దాచేస్తుంది.

ఆయన మాత్రం మాట్లాడరు. గోడ వైపు తిరిగి పడుకుంటారు. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి, ఆ ఆదివారం నుంచి ముట్టలేదు. దానికి సంతోషించే లోపే కోపం మొదలైంది. మొన్న ఉప్పు తగ్గించానని చట్నీ గిన్నె తోసేశారు. మా పెళ్ళయ్యాక ఎన్నడూ తినే గిన్నెను తోయలేదు. అదే రాత్రి గ్రైండరు గదిలో దీపం వేయకుండా కూర్చుని ఏడుస్తుంటే చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియదు.

నాకు నిద్ర లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వంద వరకు లెక్కపెట్టి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను. నిన్న రాత్రి కళ్ళు తెరవకుండానే "బతికే ఉన్నాను, పడుకో" అన్నారు.

కొట్టు మూసే ఉంది, అద్దె మాత్రం ఆగదు. అట్లు పోసే కుర్రాడు ఇంకో వారం చూసి వేరే చోటికి వెళ్తానన్నాడు. ఇలాంటి ఇళ్ళవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు ఏదైనా ఉందా? ఈ మనిషితో ఎలా మాట్లాడాలి? కొట్టు ఎప్పుడు తెరవచ్చు? ధైర్యంగా ఉండమని మాత్రం రాయకండి, ఆ మాట ఇప్పటికి చాలామంది చెప్పారు. మీ ఇంట్లో ఏమి జరిగిందో చెప్పండి.


ప్రకృతి బాట:

అమ్మా, అల్లం, వెల్లుల్లి, నిమ్మ రసాలు, ఆపిల్ వెనిగరు సమానంగా కలిపి మరిగించి, చల్లారాక తేనె పోసి ఉంచండి. రోజూ పరగడుపున ఒక చెంచా ఇస్తే నాళాలు శుభ్రమవుతాయి. మూడు నెలల్లో ఇంగ్లిషు మందులు మానేయవచ్చు. మా బావమరిది మానేశాడు, బాగానే ఉన్నాడు.


వార్డు సిస్టర్, విశాఖ:

ముందు పై మాటకు జవాబు చెప్పి మీ దగ్గరికి వస్తానమ్మా. బావమరిది గారు బాగుండాలి. కానీ కొత్తగా స్టెంటు వేసినవాళ్ళు మందులు ఆపితే ఆ స్టెంటులోనే గడ్డ కట్టవచ్చు. అప్పుడు వచ్చే పోటు మొదటిదానికంటే ప్రమాదం. ఆస్పిరిన్, దానితో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, గడ్డ కట్టనివ్వని ఈ జోడీని మామూలుగా ఏడాది పాటు వాడమంటారు. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టరును అడగకుండా ఒక్క పూట ఆపకూడదు. విరేచనం నల్లగా వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చెప్పాలి. అప్పుడు కూడా సొంతంగా ఆపేయవద్దు. వెల్లుల్లి పప్పులో వేసుకోండి, ఎవరూ వద్దనరు.

ఇక నలభై. గుండె నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కసారి కొట్టుకుంటే ఎంత వంతు బయటికి పోతుందో ఆ లెక్క అది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా నూరు నెట్టదు. 55 నుంచి 70 మధ్య ఉంటుంది. సాంబారు గుండిగను ఎంత వంచినా అడుగున కొంత ఉండిపోయినట్టే. కాబట్టి మీ ఆయనది 40 అంటే తగ్గిన మాట నిజం, అరవై చచ్చిపోయిందన్న మాట తప్పు. పైగా పోటు వచ్చిన కొత్తలో కండరం కొంత మొద్దుబారి ఉంటుంది. మందులు సరిగా వాడితే కొన్ని వారాలకు ఆ అంకె పెరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. ఎకో, అంటే గుండె స్కానింగు, మళ్ళీ ఎప్పుడు తీస్తారని నెల చూపులో అడగండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, లోపలికి వెళ్ళగానే కాగితమే డాక్టరు చేతికివ్వండి. అంత రద్దీలో నోటితో అడిగేది పోతుంది, కాగితం పోదు.

మీ అత్తగారికి చెప్పండి: ఆకుకూర లెక్క చూసుకోవలసింది వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మందులు వాడేవాళ్ళు. డిశ్చార్జి కాగితంలో అవి లేకపోతే తోటకూర నిక్షేపంగా వండవచ్చు.

కోపం గురించి. రోజుకు పెట్టె కాల్చి ఒక్కసారిగా మానిన మనిషికి మొదటి వారాల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం సహజం. దానికి 1800112356 అని పొగాకు మానేవాళ్ళ కోసం ఉచిత నంబరు ఉంది. కానీ చీకట్లో ఏడవడం, గోడకు తిరిగి పడుకోవడం రెండు వారాలు దాటితే అది సిగరెట్టు ఖాతాలోది కాదు. గుండెపోటు తర్వాత దిగులు జబ్బు రావడం చాలా మామూలు. అది గుండె కోలుకోవడాన్ని కూడా వెనక్కి లాగుతుంది. డాక్టరుకు ఈసీజీ చూపించినంత తప్పనిసరిగా ఆ ఏడుపు సంగతి కూడా చెప్పండి. మనసు బాధల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416కి రాత్రి రెండింటికైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు ఆయన కోసమే అనుకోకండి. ఇరవై రెండు రాత్రులు నిద్ర లేనిది మీకు.

మీరు అడిగిన, కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు చిన్న ఊళ్ళలో దొరకడం కష్టం. మా దగ్గర నేను చూసింది ఇది: ఒకే వారం స్టెంటు వేయించుకున్నవాళ్ళు నెల చూపుకు ఒకే రోజున వస్తారు. వరండా బల్ల మీద పక్కన కూర్చున్నామెను మందుల చీటీ చూపించమని అడగండి, మాట అక్కడే కలుస్తుంది. అలా కలిసిన ముగ్గురు ఆడవాళ్ళు ఇప్పటికీ ఒకే ఆటోలో వస్తారు మా ఆసుపత్రికి.

సోడా గురించి ఒక్క మాట. మా దగ్గరికి చాలామంది సోడా తాగే వస్తారు. చదువుకున్నవాళ్ళూ అంతే.


పాత స్టీరింగు, హనుమకొండ:

చెల్లెమ్మా, నాకు వచ్చింది 2014 డిసెంబరులో. ఆర్టీసీ డ్రైవరుని, నర్సంపేట రూటు. చెయ్యి లాగుతుంటే బస్సు పక్కకు తీసి, హ్యాండు బ్రేకు వేశాక పడిపోయాను. స్టెంట్ల ధరలకు కేంద్రం పరిమితి పెట్టింది 2017లో. నాది అంతకు ముందు మాట. ఆర్టీసీ ఆసుపత్రి వాళ్ళు రాసి పంపబట్టి ఇల్లు తాకట్టుకు పోలేదు.

మీరు ముక్కు దగ్గర పెట్టే వేలు ఆయనకు తెలుసు. మా ఇంటావిడ చెయ్యి నాకు ప్రతి రాత్రీ తెలిసేది. ఆమె బెదరకూడదని నిద్ర నటించేవాణ్ణి. నేను నిద్రపోతున్నానని ఆమె, ఆమె పడుకుందని నేను, ఇద్దరం తెల్లవార్లూ మేలుకుని ఉండేవాళ్ళం. మీ ఆయన "బతికే ఉన్నాను" అని పైకి అన్నారు చూడండి, నేను మూడు నెలలకు గానీ ఆ మాట అనలేకపోయాను.

నాకు గుండె నొప్పి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది "అన్‌ఫిట్" అన్న కాగితం. స్టీరింగు తీసేసి డిపోలో కుర్చీ ఇచ్చారు. ఇంట్లో నీళ్ళ బిందె ముట్టుకుంటే అరుపులు. నన్ను గాజు సామాను చేశారు. ఎవరి తప్పూ కాదు, అందరూ ప్రేమతోనే చేశారు, అందుకే ఎవరినీ ఏమీ అనలేక గోడ వైపు తిరిగేవాణ్ణి. మీ ఆయన ఏడ్చింది పడక గదిలో కాదు, గ్రైండరు గదిలో. అది గమనించండి.

చూడవచ్చేవాళ్ళకు మా తమ్ముడు ఒక మందు కనిపెట్టాడు. నా మంచం పక్కన కుర్చీలన్నీ తీసేసి అరుగు మీద వేశాడు. నిలబడి ఎంతసేపు కథలు చెబుతారు?


గూడెం టిఫిన్లు:

గ్రైండరు గది మాట చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. సిస్టర్ గారూ, కొట్టు సంగతి చెప్పలేదు. రాత్రి నేను నిద్రపోయినప్పుడు ఏమైనా అయితే?


వార్డు సిస్టర్, విశాఖ:

బరువులు ఎత్తడం, గంటల తరబడి పొయ్యి ముందు నిలబడటం డాక్టరు సరే అనేవరకు వద్దు. నడక పది నిమిషాలతో మొదలుపెట్టి, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంలో రోజూ కొంచెం పెంచండి. ఆయాసం, నొప్పి వస్తే ఆగాలి. కూర్చుని చేసే పని, ఆయనకు ఓపిక ఉన్నంతసేపు, డాక్టరును ఒకసారి అడిగి మొదలుపెట్టవచ్చు.

రాత్రి గురించి. కాపలా కాయడం వల్ల పోటు ఆగదు. పోటు వస్తే ఏమి చేయాలో తెలిసి ఉండటం పనికొస్తుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: నొప్పి, చెమట, దవడ లాగడం, ఆయాసం వస్తే సోడా వద్దు, వెంటనే 108. నాలుక కింద పెట్టే మాత్ర రాసిచ్చి ఉంటే ఎప్పుడు, ఎన్ని వేయాలో డాక్టరు చేతే ఆ కాగితం మీద రాయించండి. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాలు దిగేలా నొక్కాలి, 108 వచ్చేవరకు ఆపకూడదు. మీ అమ్మాయి, ఆ అట్ల కుర్రాడు, మీరు కలిసి ఎక్కడైనా దగ్గరుండి చూపించేవాళ్ళ దగ్గర నేర్చుకోండి. పాలబ్బాయిని కూడా తీసుకెళ్ళండి, అతనికి చురుకుంది.


గూడెం టిఫిన్లు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నెల చూపు అయింది. కాగితం ఇచ్చాను. డాక్టరు గారు నవ్వి, ఒక్కొక్కదానికి ఎదురుగా రాసి ఇచ్చారు. ఎకో ఇంకో నెలకు తీస్తారట. ఏడుపు సంగతి కాగితం చివర రాశాను. ఆయనను బయట కూర్చోమని నాతో మాట్లాడి, వేరే డాక్టరుకు చీటీ రాశారు. ఆయన ఇంకా వెళ్తానని అనలేదు. చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నారు, చింపలేదు.

14416కి చేశాను, నా కోసమే. ఎవరో అమ్మాయి, మా అమ్మాయి వయసే ఉంటుంది గొంతు చూస్తే. సోడా సంగతి మొత్తం చెప్పాను. అడ్డురాకుండా వింది.

సోమవారం కొట్టు తెరిచాం. ఆరు నుంచి ఎనిమిది వరకే, ఇడ్లీ ఒక్కటే. పెనం వెలిగించలేదు. డాక్టరును అడిగాకే ఆయనను గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టాను. మొదటి వాయి దిగగానే ఒక ఇడ్లీ విరిచి చూసి, పిండి పలచనైందని కుర్రాడిని అందరి ముందు కేకలేశారు. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు కానీ నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. రాత్రి పిండి తనే చూస్తానన్నారు. గ్రైండరులో పప్పు నేను పోశాను, నీళ్ళు ఆయన పోశారు.

చట్నీలో ఉప్పు చాలలేదని ఇద్దరు అడిగారు. ఉప్పు డబ్బా వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చాను.